ప్రస్థానం సంచిలో పాస్‌పోర్టు

నాకు అనుమానం జబ్బు ఉందని మా వాళ్లంతా అంటారు. అననీ. అనుమానం లేకుండా బతికినవాళ్లు ఏం బాగుపడ్డారో నేను చూళ్లేదు. కూరగాయల వాడి తక్కెడ అడుగున చెయ్యి పెట్టి తడుముతాను. పాలల్లో వేలు ముంచి చూస్తాను. తొంభైల చివర్లో కొత్తగూడలో ఉన్న ఆ ఆర్నెల్లు మాత్రం తక్కెళ్లనీ పాలనీ వదిలేసి, కట్టుకున్నవాణ్ణే అనుమానించాను.

అంతకుముందు రెండేళ్లు మేం కెనడాలో ఉన్నాం. ఇద్దరికీ అక్కడ శాశ్వత నివాస హక్కు ఉండేది. దాని తాలూకు పొడవాటి కాగితాన్ని అక్కడి మనవాళ్లంతా ల్యాండింగ్ పేపరు అనేవాళ్లు. అందరూ దాన్ని పాస్‌పోర్టులోనే మడిచి పెట్టుకునేవాళ్లు. అక్కడ నేను ఒక ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసేదాన్ని. అనంతపురంలో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక నాలుగేళ్లు వంటింట్లో ఉప్పు చాలిందా లేదా అని చూడ్డమే ఉద్యోగంగా గడిపినదాన్ని. మొదటిసారి నా మాట మీద ఒక డాక్టరు మందు మార్చిన రోజు ఇంటికొచ్చి ఏడ్చాను, సంతోషంతోనే. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. సెలవు పెట్టి, వచ్చి తీరతానని ల్యాబు పెద్దావిడకు మాటిచ్చి బయల్దేరాను.

మా ఆయన కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఇంజనీరు. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడలో ఆయనకు పని దొరికింది. "ఆర్నెల్ల ప్రాజెక్టు. అయిపోగానే వెళ్లిపోదాం" అన్నాడు.

ఆ దేశానికి అప్పట్లో ఒక రూలుండేది. ఏ పన్నెండు నెలల్లోనైనా నూట ఎనభై మూడు రోజులకు మించి బయట ఉంటే ఆ దేశాన్ని వదిలేసుకున్నట్టే లెక్క. కాదు, వదిలే ఉద్దేశం నాకు లేదు అని మనమే వాళ్ల ఆఫీసరును నమ్మించుకోవాలి. బయల్దేరే ముందే తిరిగొచ్చే అనుమతి కాగితం ఒకటి తీసుకుంటే ఆ అవస్థ చాలావరకు తప్పుతుంది. ఆ మాటే చెప్తే మా ఆయన, "ఆర్నెల్లకేగా, ఎందుకు ఆ తతంగం?" అన్నాడు. పోయిన పెన్సిలు ముక్క కోసం కూడా మూడు గదులు వెతికే మనిషి, ఇంత పెద్ద కాగితాన్ని తతంగం అన్నాడు. నా అనుమానం అక్కడ మొదలైంది.

డిసెంబరు మొదటి వారంలో దిగాం. కొత్తగూడ అప్పటికి ఇంకా ఊరే. నాలుగు కొట్లు, రెండు టీ హోటళ్లు, వెనకంతా బండలూ తుమ్మచెట్లూ. ఒక పెద్దమ్మ ఇంట్లో సగం భాగం కిరాయికి తీసుకున్నాం. ఆమె భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతుర్ని శంకర్‌పల్లి అవతల ఊరికిచ్చింది. మిగతా సగంలో ఆమె ఒక్కతే ఉండేది. రెండు భాగాలకూ ఒకే వసారా, పక్కపక్కనే రెండు తలుపులు.

వంటింటి గోడకు తగిలించిన పంచాంగం క్యాలెండరులో రోజుకో అంకె వేసేదాన్ని. ఒకటి, రెండు, మూడు. పెద్దమ్మ అది చూసి, "ఏంది బిడ్డా, నీళ్లు పోసుకున్నవా ఏంది, దినాలు లెక్క పెడ్తున్నవ్?" అని నవ్వింది. కాదు పెద్దమ్మా, ఇది ఇంకో రకం లెక్క అన్నాను. మా ఆయన ఆ అంకెల వంక ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. అది చూడకుండా మంచినీళ్లు తాగడం కూడా ఆ ఇంట్లో కుదరదు, కుండ సరిగ్గా దాని కిందే ఉండేది. కావాలనే చూడట్లేదని నాకర్థమైంది.

నలభయ్యో రోజు టెలిఫోను కనెక్షనుకు దరఖాస్తు పెట్టాడు. డెబ్బయ్యో రోజు పెరట్లో కరివేపాకు మొక్క నాటాడు. ఆర్నెల్లుండి పోయేవాడు కరివేపాకు నాటడు, కట్ట కొనుక్కుంటాడు. నేను అదే అన్నాను. "పెద్దమ్మ కోసం నాటాను" అన్నాడు. పెద్దమ్మను అడిగితే, "నాకెందుకు బిడ్డా, నా ఎనక పెరట్ల ఉన్నది గద" అంది.

నూటపదో రోజు ఏమో, రేషను కార్డుల కోసం ఇళ్లు రాసుకునే మనిషి వచ్చాడు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. వసారాలో మా ఆయన గొంతు వినిపించింది. మా ఇద్దరి పేర్లూ చెప్పాడు. వయసులు చెప్పాడు. "ఎన్ని దినాలుంటరు సార్ ఇక్కడ?" అని ఆ మనిషి అడిగాడు. మా ఆయన కొంచెం ఆగి, "ఇక ఇక్కడే" అన్నాడు.

పోపు మాడిపోయింది. నేను గరిటెతో సహా బయటికొచ్చి, ఆ రాసింది కొట్టేయమన్నాను. ఆ మనిషి నన్నూ గరిటెనూ చూసి లేచి నిలబడ్డాడు. మా ఆయన, "గ్యాసు కనెక్షనుకు రేషను కార్డు కావాలంటున్నారు, అందుకోసం చెప్పాను, అంతే" అన్నాడు. "రేపు ఆ కెనడా ఆఫీసరు అడిగితే ఇదే కాగితం చూపిస్తాం, ఇక ఇక్కడే అని రాసిచ్చాం అని" అన్నాను. "కొత్తగూడ రేషను కార్డు కెనడా ఆఫీసరు ఎందుకు చూస్తాడు?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన చొక్కా జేబులు వెతకడం మొదలుపెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. టీ బిల్లులు, ఆఫీసు జీపు టైములు రాసిన చీటీ, ఒక దువ్వెన, అంతకుమించి ఏమీ దొరకలేదు. దొరక్కపోతే అనుమానం పోవాలి కదా. ఇంకా పెరిగింది.

టిక్కెట్లు కొనడానికి రోజూ ఒక సాకు చెప్పాడు. చివరికి నేనే సికింద్రాబాద్ వెళ్లి ట్రావెల్ ఏజెంటు ముందు కూర్చుంటే జూన్‌లో ఒక శుక్రవారానికి దొరికాయి. సాయంత్రం ఆరింటికి బేగంపేట నుంచి బొంబాయి, అక్కడి నుంచి అవతలికి. క్యాలెండరులో ఆ శుక్రవారం నూట ఎనభై ఒకటో రోజు. ఒకటి రెండు రోజుల వెసులుబాటు, అంతే.

అప్పుడు నంద్యాల నుంచి మా అత్తగారు ఫోను చేసింది. "శుక్రవారం పడమటికి వారశూలమ్మా. బొంబాయి పడమరే కదా. ఆ పొద్దు గడప దాటేది మంచిది కాదు." టిక్కెట్టు మార్చడం కుదరదని చెప్పాను. "మార్చే పన్లేదులే. బుధవారం పొద్దున ప్రస్థానం పెట్టండి, సరిపోతుంది" అంది.

ప్రస్థానం తెలియనివాళ్లకు చెప్తాను. మంచి రోజున మనం బయల్దేరడం కుదరకపోతే మన బట్టలు ఒక సంచిలో పెట్టి, మంచి ఘడియలో గడప దాటించి, ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తాం. సంచి కదిలితే మనం కదిలినట్టే. అసలు ప్రయాణం రోజున ఆ సంచిని అక్కడి నుంచి అటే తీసుకుపోవాలి. మధ్యలో వెనక్కి తేకూడదు, విప్పకూడదు. ఈ చివరి నియమమే నన్ను ముంచింది.

మంగళవారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఫోను మోగింది. అవతల వాళ్ల పెద్దసారు. నేను బట్టలు మడుస్తూ వింటున్నాను. "అవును సార్... లేదు సార్, శుక్రవారం సంగతి నేను చూసుకుంటాను... మీరేం అనుకోకండి." అంతే విన్నాను. ఏం చూసుకుంటాడు? ఏం చేసి చూసుకుంటాడు? అడిగితే, "సెలవు గురించి" అన్నాడు, మొహం చూపించకుండా.

మా పాస్‌పోర్టులు రెండూ బీరువాలో పై అరలో ఉండేవి. తాళంచెవి ఎప్పుడూ బీరువాకే వేలాడుతుండేది. ఆ పై అర వైపు చూస్తే నాకు ఒకటే ఆలోచన. నా పాస్‌పోర్టు కనపడకుండా పోతే చాలు. ఎక్కడో పెట్టి మర్చిపోయావు అంటాడు. వెతుకుతూ ఉంటాం. శుక్రవారం దాటిపోతుంది.

బుధవారం పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నా పాస్‌పోర్టు తీశాను. ల్యాండింగ్ పేపరు అందులోనే ఉంది. ప్రస్థానం సంచిలో, నా చీర మడతల మధ్య పెట్టాను. ఆయన పాస్‌పోర్టు బీరువాలోనే ఉంచాను, దానితో నాకేం పని. సంచి మూతి కట్టేశాను. దాన్ని ఎవరూ విప్పరు, వెనక్కి తేరు. మా ఆయన ఎంత చదువుకున్నా వాళ్లమ్మ చెప్పిన నియమం తప్పడు. ఆ ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు ఇంకోటి లేదనిపించింది.

తొమ్మిదిన్నరకు ఆయనే సంచి పట్టుకుని గడప దాటి పెద్దమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని దేవుడి గూటి కింద పెట్టింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. చీమ గూడ ముట్టది" అంది.

గురువారం మధ్యాహ్నం మేం సామాన్లు కొనడానికి అమీర్‌పేట వెళ్లాం. సాయంత్రం వచ్చేసరికి పెద్దమ్మ తలుపుకు తాళం. ఎక్కడికో పోయింది, వస్తుందిలే అనుకున్నాను. శుక్రవారం పొద్దున కూడా తాళం. మూల మీద కిరాణా కొట్టాయన చెప్పాడు, "బిడ్డకు నొప్పులు లేసినయంటమ్మా. నిన్న అల్లుడొచ్చి తీస్కపోయిండు, శంకర్‌పల్లి దిక్కు."

ఇంట్లోకొచ్చి మా ఆయనకు చెప్పాను, నా పాస్‌పోర్టు సంచిలో ఉందని.

ఆయన మంచం మీద కూర్చున్నవాడు లేచాడు. "పాస్‌పోర్టు సంచిలో ఎందుకు పెట్టావు?"

"అత్తయ్య చెప్పింది, ప్రయాణానికి ముఖ్యమైన వస్తువేదన్నా పెట్టమని" అన్నాను. అబద్ధం. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆయన ఇంకేం అడగలేదు. ఎదురింటాయన స్కూటరు అడిగి తీసుకుని, గచ్చిబౌలి మీదుగా శంకర్‌పల్లి దారి పట్టాడు. నేను వసారాలో కూర్చుని ఆ తాళాన్నే చూస్తూ ఉన్నాను. నిజంగా శంకర్‌పల్లి పోయాడా, ఏ టీ హోటల్లోనో కూర్చుని టైము గడుపుతున్నాడా? పెద్దమ్మ ఊరెళ్లడం ఈయనకు ముందే తెలుసా? ఆ అల్లుడు గురువారమే, మేం లేనప్పుడే ఎందుకొచ్చాడు? కాన్పు నొప్పుల్ని కూడా అనుమానించాను ఆ రోజు.

మూడున్నరకు వచ్చాడు. మొహమంతా దుమ్ము. "వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయారంట. అక్కడికి వెళ్లి వచ్చేసరికి విమానం పోతుంది" అన్నాడు.

నేను వసారా కింద ఉన్న బండరాయి తీసుకుని తాళం మీద కొట్టాను. రెండో దెబ్బకు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఒంటరి ముసలామె ఇల్లు. వచ్చి పగిలిన తాళం చూస్తే గుండె ఆగిపోతుంది."

"నా బతుకు ఆగిపోతుంటే మీకు కనపడట్లేదా?"

"కనపడుతోంది" అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఎదురింటివాళ్లు గేటు దగ్గరికొచ్చి చూస్తున్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి, రాయి అక్కడే పడేశాను. ఆయన తన పాస్‌పోర్టుతో తాను వెళ్లొచ్చు. వెళ్లలేదు. నువ్వు లేకుండా నేనెట్లా పోతాను అన్నాడు. ఆయన మొహంలో బాధ కోసం వెతికాను. దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

సోమవారం పెద్దమ్మ వచ్చింది, మనవడు పుట్టాడన్న సంతోషంతో. సంగతి విని అక్కడే కూలబడింది. "నా వల్ల పరేషాన్ అయితిరి బిడ్డా. జర చెప్పిపోతే అయిపోవు, ఆత్రంల తోచలే" అని నా చేతులు పట్టుకుంది. ఆమెను ఏమనగలను? సంచి కట్టిన ముడి కట్టినట్టే ఉంది. అప్పటికి క్యాలెండరులో నూట ఎనభై నాలుగు. మళ్లీ టిక్కెట్లు పన్నెండు రోజుల తర్వాత గాని లేవు. అంకెలు వేయడం మానేశాను.

ఇక మిగిలింది ఒకటే దారి. ఢిల్లీలో వాళ్ల ఆఫీసుకు దరఖాస్తు పెట్టి, మాకు ఆ దేశం వదిలే ఉద్దేశం లేదని నమ్మించాలి. ఆలస్యానికి కారణం రాయాలి. నేను తెలుగులో చెప్తుంటే మా ఆయన ఇంగ్లీషులో రాసుకుని, ఆఫీసులో టైపు చేసి తెచ్చాడు. ప్రస్థానం అనే ఆచారం, ముఖ్యమైన వస్తువని నా పాస్‌పోర్టు సంచిలో పెట్టడం, తాళం, కాన్పు, అన్నీ ఉన్నాయి. ఇద్దరం సంతకాలు చేశాం. నెల తిరక్కుండానే ఇద్దరినీ రమ్మని ఉత్తరం వచ్చింది.

ఢిల్లీలో ఆఫీసరు ఒక నడివయసు ఆవిడ. మర్యాదగా మాట్లాడింది. మా ఉత్తరం ఆవిడ ముందే ఉంది, కింద పెన్సిలుతో గీతలు. ఆచారం గురించి చాలా ఓపిగ్గా అడిగింది, సంచిలో ఇంకేం పెట్టారు, ఎవరు మోశారు. నేను చెప్తున్నాను, ఇది గట్టెక్కేలాగే ఉంది అనుకున్నాను. అప్పుడు ఆవిడ తలెత్తింది.

"ప్రయాణానికి ముఖ్యమైన వస్తువని మీ పాస్‌పోర్టు పెట్టారు. మరి ప్రయాణం ఇద్దరిదీ కదా. మీ భర్త పాస్‌పోర్టు సంచిలో ఎందుకు లేదు?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అత్తగారు అడగలేదు, పెద్దమ్మ అడగలేదు. పక్క కుర్చీలో ఉన్న మా ఆయన అడగలేదు. ఏం చెప్పినా అబద్ధమని ఆవిడకు తెలిసిపోతుంది. అబద్ధం రాసి సంతకం పెట్టినదాన్ని ఇంకేం నమ్ముతుంది? ఉద్యోగం పోయింది అనుకున్నాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఈయన దాచేస్తాడని భయపడ్డాను. ఈయనకు వెనక్కి రావడం ఇష్టం లేదు. అందుకే నాది ఒక్కటే తీసి అందులో పెట్టాను."

నేను ఆయన వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. ఆఫీసరు చాలాసేపు ఏదో రాసుకుంది. తర్వాత ఆయన్ను అడిగింది. "ఆవిడ భయపడినట్టు మీరు దాచేవారా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అవును. దాచేవాణ్ణి. నేను అక్కడికి తిరిగి వెళ్లాలనుకోవడం లేదు. ఆవిడ అనుకుంటోంది. ఆలస్యానికి కారణం నేనే."

మూడు వారాలకు పోస్టులో నాకు అనుమతి కాగితం వచ్చింది. ఆయనకు రాలేదు. ఆగస్టులో నేను ఒక్కదాన్నే వెళ్లాను. ల్యాబు పెద్దావిడ నన్ను చూసి, మాట నిలబెట్టుకున్నావు అంది.

రోజంతా ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో చిన్న తప్పు కూడా పట్టుకునే మనిషి, ఆ ఉత్తరం స్వయంగా టైపు చేస్తూ, ఒక్క పాస్‌పోర్టే ఎందుకుందని గమనించలేదంటే నేను నమ్మను. గమనించి ఊరుకున్నాడా? ఆ గదిలో నిజం చెప్పాడా, నా కాగితం నిలబడాలని తన మీద వేసుకున్నాడా? ఢిల్లీ నుంచి వచ్చే రైల్లో ఇరవై నాలుగు గంటలకు పైగా ఎదురెదురుగా కూర్చున్నాం. బేగంపేటలో సామాను తూకం వేసేదాకా నా పక్కనే నిలబడ్డాడు. రెండేళ్ల తర్వాత నా అంతట నేనే తిరిగొచ్చాను, అప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాం. ప్రపంచంలో అన్నీ తరచి తరచి అడిగే నేను ఆ ఒక్కటీ ఆయన్ను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. దాచేవాణ్ణే అన్నా నమ్మను, దాచేవాణ్ణి కాదు అన్నా నమ్మను. అది ఆయనకూ తెలుసు.